ఈ ఒళ్లు ఎవరిది? (పల్లె నుంచి – 14)



పోయిన భాగంలో ఒక్క వాక్యం రాశాను, తెనాలిలో పొద్దున అయిదున్నరకి పిల్లలతో కసరత్తు చేయిస్తున్నానని. వర్గీకరణ మీద మూడు భాగాలు రాసినప్పుడు కూడా ఇన్ని మాటలు రాలేదు. "అన్నా, ఉద్యమం మానేసి జిమ్ పెట్టావా?" అని ఒక తమ్ముడు. "కండలు పెంచితే కులం పోతుందా కామ్రేడ్?" అని ఒక పెద్దాయన. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక చెల్లెలు మాత్రం సూటిగా అడిగింది: "మనోళ్ల ఒళ్లు తరతరాలుగా పనిలో అరిగిపోయింది. ఇంకా ఆ ఒంటినే కష్టపెట్టమంటావేంటన్నా? మనకి కావాల్సింది పుస్తకం కదా?"

ఆ చెల్లెలికి జవాబు చెప్పాలి. ముందు నా సంగతి ఒకటి చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

కొన్నేళ్ల కిందట రేపల్లె వైపు ఒక ఆఫీసు ముందు ధర్నా చేశాం. శ్మశానం స్థలం గొడవ. గంటసేపు మైకులో మాట్లాడాను. ఆత్మగౌరవం అన్నాను, బాబాసాహెబ్ అన్నాను, గొంతు చించుకున్నాను. ఆఫీసరు బయటికొచ్చాడు, వినతిపత్రం ఇచ్చాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, ఆయన్ని అనడానికేం లేదు. సాయంత్రం ఒక కుర్రాడు ఫోన్లో వీడియో పంపాడు. మైకు ముందు ఉన్నవాడు ఒకడు, ఆఫీసరు ముందు ఉన్నవాడు ఇంకొకడు. రెండోవాడి తల ముందుకి వాలి ఉంది. భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. మోకాళ్లు కాస్త ఒంగి ఉన్నాయి. కుడి చేత్తో కాగితం ఇస్తూ ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద పెట్టాడు. ఆఫీసరు నాకంటే పొట్టి మనిషి. వీడియోలో నేనే పొట్టిగా ఉన్నాను.

భయపడి ఒంగితే భయపడ్డానని మనసుకి తెలుస్తుంది, దానితో పోట్లాడొచ్చు. నేను భయపడలేదు. ఒంగానని నాకు తెలియను కూడా తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అందుకే. మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆసామి అరుగు ముందు కండువా చంకలో పెట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని ఎలా నిలబడేవాడో చిన్నప్పుడు చూశాను. ఆ నిలబడటం నాకెవరూ నేర్పలేదు. నేను డిగ్రీ చదివాను, అంబేద్కర్‌ని చదివాను, జైలు కూడా చూశాను. ఒంటికి ఇవేవీ అందలేదు.

చెల్లీ, పుస్తకం చాలదని నేనంటోంది ఇందుకే.

కులం ఒక భావజాలమని మనం తరగతుల్లో చెప్తాం. నిజమే. కానీ అది బుర్రలోకి రాకముందే ఒంట్లోకి వస్తుంది. మూడేళ్ల పిల్లకి మనుస్మృతి తెలియదు, ఎవరి అరుగు దగ్గర పరుగెత్తకూడదో తెలుసు. పీష్వాల పూనాలో అంటరానివాళ్లు మెడలో కుండ, నడుముకి చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిన సంగతి బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశారు. 1936 నాటి ఆ పుస్తకాన్ని మనమంతా కోట్ చేస్తాం. కుండ మెడలో వేలాడుతుంటే మెడ ఎటు ఒంగుతుంది, చీపురు వెనక ఈడుస్తుంటే అడుగు ఎంత వేస్తాడు అని ఎప్పుడన్నా ఆలోచించామా? 1934లో ఫ్రాన్సులో మార్సెల్ మాస్ అనే ఆయన ఒక ఉపన్యాసంలో నడక, ఈత, తవ్వడం, నిద్ర కూడా సమాజం నేర్పే పద్ధతులేనని చెప్పాడు. ఆయన సైనికుల నడకల్లో తేడాలు చూసి చెప్పాడు. మన ఊళ్లలో అయితే సైన్యందాకా పోనక్కర్లేదు, బస్టాండు బెంచీ మీద ఎవరు ఎంత మేర కూర్చుంటారో చూస్తే చాలు.

కాలు సంగతి చూడండి. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలెక్కితే మొదట చుండూరు వస్తుంది. 1991 జూలైలో అక్కడి సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు వరసలో పెద్దకులం కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కారమై, ఆగస్టు 6న ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. పోలీసులు పారిపొమ్మంటే పొలాలకి అడ్డంపడి పరుగెత్తారు. పొలాల్లో కాచుకుని ఉన్నారు. కొన్ని శవాలు గోనెసంచుల్లో తుంగభద్ర డ్రెయిన్లో దొరికాయి. మిగిలినవాళ్లు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా నాన్నతో బియ్యం మూట పట్టుకుని అక్కడికి వెళ్లాను. నాకు గుర్తున్నది ఏడుపులు కాదు. పెద్ద పెద్ద మగాళ్లు మోకాళ్లు గుండెలకి కరుచుకుని, ఎంత తక్కువ చోటు పడితే అంత తక్కువ చోటులో కూర్చుని ఉండటం. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సంగతి మీకు తెలుసు. నేను అడుగుతున్నది కాలు సంగతి. సినిమా హాల్లో కాలు చాపుకుని కూర్చోవడం కూడా వాళ్ల లెక్కలో తిరుగుబాటే.

ఇప్పుడు 'మనోళ్లకి వేరే కసరత్తెందుకు, పనే కసరత్తు' అనేవాళ్ల దగ్గరికి వస్తాను. ఈ మాట ఆసాములు అంటే అర్థముంది. మనవాళ్లూ అంటున్నారు. "మనకి పుట్టుకతోనే బలం" అని గర్వంగా అనేవాళ్లున్నారు. ఎడ్లకీ అదే మాట అంటారు.

మా అమ్మ నలభై ఏళ్లు ముఠాలో నాట్లు వేసింది. బురదలో, మోకాళ్లు నిటారుగా పెట్టి, నడుం పూర్తిగా ఒంచి, వెనక్కి అడుగులేస్తూ, పొద్దున్నించి సాయంత్రందాకా. నడుం అంతలా ఒంగినప్పుడు వెన్ను పక్కనుండే కండరాలు పట్టు వదిలేస్తాయి. బరువంతా వెనకుండే లిగమెంట్ల మీద, డిస్కుల మీద పడుతుంది. అంటే నలభై ఏళ్లు పనిచేసినా నడుం కండరం బలపడలేదు, నడుం అరిగింది. ధాన్యం బస్తా 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కూలీ మోసే బరువుని 55 కిలోలకి దించాలని సిఫార్సు చేసింది. మా బాబాయి ముప్పై ఏళ్లు ఒకే భుజం మీద మోశాడు. ఆ భుజం ఇప్పుడు చెవి పైకి లేవదు, చొక్కా తొడగాలంటే పిన్ని రావాలి.

కసరత్తు వేరు. ఎంత బరువు ఎత్తాలో నువ్వు చూసుకుంటావు. ఈ వారం పది అయితే వచ్చే వారం పన్నెండు. కుడివైపు చేసింది ఎడమవైపు చేస్తావు. అలిసిపోతే ఆపుతావు. మర్నాడు విశ్రాంతి. తర్వాత తినడానికి రెండు గుడ్లన్నా ఉండాలి. పనిలో వీటిలో ఒక్కటీ మన చేతిలో లేదు, వేగం మేస్త్రీది, బరువు మిల్లు ఓనరుది, ఆపడం సూర్యుడిది. ఒకే చెమట అని రెంటినీ ఒక గాటన కట్టేస్తే ఎలా?

రెండోరకం వాళ్లు యోగా వాళ్లు. 2015 నుంచి ప్రతి ఏటా జూన్ 21న మన హాస్టల్ పిల్లల్ని కూడా వరసగా చాపల మీద కూర్చోబెట్టి వెన్నెముక నిటారుగా పెట్టమంటున్నారు. ఆసనాలతో నాకు తగాదా లేదు, నేనూ కొన్ని చేయిస్తాను. ఆ వెన్నెముకని ఎవరు ఒంచారో చెప్పకుండా, అది ఒంగడం మన సంస్కృతి మర్చిపోవడం వల్లేనన్నట్టు చెప్తారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. తెనాలి నుంచి రేపల్లెకి 34 కిలోమీటర్ల రైలు దారి, దాని మీదే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో ధాతు పేటికలు బయటికి తీశాడు. ఆ స్తూపం కట్టించినవాళ్ల ధర్మంలో ధ్యానం ఒంటితోనే మొదలవుతుంది. కాయానుపస్సన అంటారు. నడుస్తుంటే నడుస్తున్నానని, నిలబడితే నిలబడ్డానని, ఊపిరి పొడుగ్గా వస్తే పొడుగ్గా వస్తోందని తెలుసుకోవడం. దానికి దేవుడూ అక్కర్లేదు, ఉపదేశం ఇచ్చే జంధ్యమూ అక్కర్లేదు. బాబాసాహెబ్ మనకి చూపించిన దారిలో ఇది కూడా ఉంది, మనం 22 ప్రతిజ్ఞల దగ్గరే ఆగాం.

ఇంక జిమ్ తమ్ముళ్లు. అద్దం ముందు నిలబడితే ఒళ్లు బయటనుంచి కనపడుతుంది. నేననేది లోపలనుంచి తెలియడం. కళ్లు మూసుకుని ముక్కు కొన ముట్టుకోగలుగుతున్నామంటే, కండరం ఎంత సాగిందో కొలిచేవి కండరంలోనే ఉన్నాయి, ఎంత లాగుతోందో కొలిచేవి స్నాయువుల్లో ఉన్నాయి, తూకం చూసేది చెవి లోపలుంది. అవన్నీ మెదడుకి కబురు పంపుతుంటాయి. ఆ కబుర్లు వినడం అలవాటుతో పెరుగుతుంది, వినకపోతే మొద్దుబారుతుంది. ఆరు నెలల్లో చేతులు లావెక్కి, అదే భుజాలతో మళ్లీ అదే ఆఫీసరు ముందు ముడుచుకున్న తమ్ముళ్లని చూశాను.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది పోలీసు సెలక్షన్ల కోసం వచ్చేవాళ్లే. దాచుకోవాల్సిందేం లేదు, మన పిల్లలకి కసరత్తు అంటే కానిస్టేబుల్ ఉద్యోగమే. మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలకి పదిన్నర నిమిషాల్లో. ఎనిమిది నిమిషాలంటే 400 మీటర్ల రౌండ్లు నాలుగు, ఒక్కోటి రెండు నిమిషాలు. ఇది తెలియక మొదటి రౌండు నిమిషం ఇరవైకి కొట్టేస్తారు. మూడో రౌండుకి గడ్డం పైకి లేస్తుంది, భుజాలు చెవుల దగ్గరికొస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి. ఊపిరి చాలక ఆగిపోతారు. "దమ్ము లేదన్నా నాకు" అంటారు. దమ్ముంది, ఖర్చు చేసిన పద్ధతి తప్పు. నేను చెప్పేది ఒకటే, వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలోనే పరుగెత్తండి. ఎవరూ నమ్మరు. రొప్పకపోతే కష్టపడినట్టు కాదని మన బుర్రలో ఉంది, అదీ ఆసామి పెట్టిందే.

బాపట్ల పిల్లలు సూర్యలంక ఇసుకలో పరుగెడతారు. మంచిదే, కానీ మెత్తటి ఇసుకలో మడమ కిందికి దిగబడి పిక్క మీదా మడమ నరం మీదా లాగుడు పడుతుంది. వారానికి ఒక రోజు చాలు, తడి ఇసుక అంచున. పోయినేడు ఒక తమ్ముడు కాలి ముందు ఎముక నొప్పితో నెల రోజులు పరుగెత్తాడు. రోజూ పొద్దున నొప్పి బిళ్ల వేసుకుని. ఎవరో చెప్పారట, సెలక్షన్ రోజు ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందని. ఎముక మీద వేలు పెట్టి నొక్కాను, ఒకే చోట చురుక్కుమని ఎగిరిపడ్డాడు. అలా ఒకే చోట నొప్పి ఉంటే ఎముక చిట్లి ఉండొచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు. పరుగు ఆపమన్నాను. ఆపలేదు. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లు, ఆ ఏడాది తప్పితే వయసు దాటిపోతుంది. ఏం చెప్తాం? నాలుగో రౌండులో పడిపోయాడు. నొప్పి ఒంటి మాట, బిళ్ల వేసుకుని ఆ మాట నొక్కేశాడు. మా అమ్మ నాట్లలో చేసింది కూడా అదే, బిళ్ల బదులు వక్కాకు.

ఎత్తు సంగతి మరీ అన్యాయం. మగవాళ్లకి 167.6 సెంటీమీటర్లు. ఏజెన్సీ గిరిజనులకి తప్ప అందరికీ అంతే. రాత పరీక్ష మార్కుల్లో మనకి మినహాయింపు ఉంది, సెంటీమీటర్లలో లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎప్పుడు చేసినా ఎస్సీ ఎస్టీ పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు ఎదగనివాళ్లే ఎక్కువని తేలుతుంది. మూడేళ్ల వయసులో దొరకని పాలు ఇరవై రెండేళ్లకి టేపు కింద లెక్కకొస్తాయి. రేపల్లె పక్క ఊరి కుర్రాడు ఒక సెంటీమీటరు కూడా లేని తేడాతో వెనక్కొచ్చాడు. ఆర్నెల్లు వేపచెట్టు కొమ్మకి వేలాడాడు, ఎత్తు పెరుగుతుందని. ఎముకల ఎదుగుదల ఆగిపోయాక పెరగదు నాయనా అని చెప్పింది నేనే. ఇంకా వేలాడుతున్నాడు. ఈ కొలతల మీద మన సంఘాలు ఒక్క ధర్నా చేశాయా?

మరి మేం చేసేదేంటంటారా. మొదటి వారం పరుగు లేదు. చెప్పులు విప్పి నిలబడటం. బరువు మడమల మీదుందా, వేళ్ల మీదుందా చూసుకోవడం. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడటం. పది లెక్కపెట్టేలోపు సగం మంది పడిపోతారు, నవ్వుకుంటారు. గొంతుక్కూర్చుని లేవడం. ఇది మనోళ్లకి వచ్చు, కుర్చీల్లో పెరిగినవాళ్లకి రాదు, ఇక్కడ కాస్త గర్వపడొచ్చు. తర్వాత కర్ర. వీపు మీద నిలువునా పెట్టి, తల వెనకా, రెక్కల మధ్యా, ముడ్డి ఎముక దగ్గరా మూడుచోట్లా ఆనించి, కర్ర కదలకుండా తుంటి దగ్గర ఒంగడం. నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర. బిందె ఎత్తినా బస్తా ఎత్తినా ఇదే. దండీలు, బస్కీలు ఆ తర్వాతే. గెంతి దిగితే చప్పుడు కాకూడదు. చప్పుడైతే మోకాలు దెబ్బ తింటోందని అర్థం.

పొద్దున ఒళ్లు వేడెక్కడానికి డప్పు. మంట మీద కాచిన డప్పు భుజాన వేసుకుని, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల, చేతులు రెండూ రెండు రకాల పనులు చేస్తుంటే కాళ్లు మూడో లెక్కలో పడుతుంటాయి. ఇంతకంటే కష్టమైన శిక్షణ ఏ జిమ్‌లో ఉందో చూపించండి. మాకు ఒక పెద్దాయన నేర్పుతున్నాడు, జీవితమంతా వేరేవాళ్ల చావులకి కొట్టినాయన. మాల పిల్లలు మొదటి వారం డప్పు ముట్టుకోలేదు. దీని మీద విడిగా రాస్తాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

అన్నిటికంటే అవసరమైనది మాత్రం ఒక ఆట. ఇద్దరు ఎదురెదురుగా చెయ్యి చాచినంత దూరంలో నిలబడి ఒక నిమిషం కళ్లల్లోకి చూసుకోవాలి. తర్వాత ఒకడు ఆసామి అవుతాడు, లేదా ఆఫీసరు, లేదా ప్రిన్సిపాలు. రెండోవాడు ఏదో అడగడానికి వస్తాడు. షరతు ఒకటే, ఏదీ సరిచేసుకోకూడదు. ఒంట్లో ఎక్కడ ఏం మారిందో చూసుకుని చెప్పాలి. బాపట్లలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఆసామి వేషం ఎంత బాగా కట్టాడంటే, నవ్వుతున్నవాళ్లంతా ఆగిపోయారు. ఎదురుగా ఉన్న పిల్లాడి మోకాళ్లు ఒంగాయి. ఊపిరి ఎక్కడుంది అనడిగితే "ఆగిపోయిందన్నా" అన్నాడు. ఆ రోజు ఇంకేం చెయ్యలేదు. అందరం కూర్చుని ఎవరెవరి ముందు ఊపిరి ఆగుతుందో చెప్పుకున్నాం. ఒకడు హాస్టల్ వార్డెన్ అన్నాడు, ఒకడు ప్రేమించిన అమ్మాయి నాన్న అన్నాడు. నేను నా వీడియో సంగతి అప్పుడే మొదటిసారి బయటికి చెప్పాను.

ఆడపిల్లలు గ్రౌండుకి రావడం లేదు. నిజం ఒప్పుకోవాలి. గ్రౌండు నిండా మగపిల్లలుంటే ఎలా వస్తారు? నలుగురైదుగురు హాస్టల్ డాబా మీద చేస్తున్నారు, ఒక టీచరమ్మ దగ్గరుండి. ఎనిమిదో తరగతి తర్వాత పరుగెత్తలేదని ఒక పిల్ల చెప్పింది. సెలవుల్లో కూలికి పోతే అదే పిల్ల మగవాళ్లతో సమానంగా మోపులు మోస్తుంది. అప్పుడు ఒళ్లు దాచుకోమని ఎవరూ అనరు. ఐరిస్ యంగ్ 1980లో ఒక వ్యాసంలో, ఆడపిల్లలు బంతిని చేత్తో మాత్రమే విసురుతారు, ఒళ్లంతా వాడరు, అది పుట్టుక కాదు పెంపకం అని వాదించింది. మన పిల్లల దగ్గర ఆ వాదన సగమే సరిపోతుంది. కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. 1985 జూలైలో మంచినీళ్ల చెరువు దగ్గర కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు వచ్చి ఆరుగురిని చంపారు. ఆ బిందె ఎత్తిన చేతులకి ఎవరు శిక్షణ ఇచ్చారు?

కామ్రేడ్ పెద్దాయనకి. కండలు పెంచితే కులం పోదు. నేనలా అనలేదు. కానీ బాబాసాహెబ్ సమతా సైనిక్ దళ్‌ని యూనిఫారంలో నడిపించారు. 1927 డిసెంబరులో మహద్‌లో ఆడవాళ్లకి చీర కట్టే తీరు మార్చుకోమని చెప్పారు, వాళ్లు మార్చుకున్నారు. ఆయనకి పుస్తకం విలువ తెలియక కాదు కదా.

నిటారుగా నిలబడితే దెబ్బలు తప్పవన్నది కూడా నాకు తెలుసు. మీసం పెంచాడని, గుర్రమెక్కాడని మనవాళ్లని కొట్టిన వార్తలు ఈ దేశంలో ఏటా చదువుతూనే ఉన్నాం. మొన్న ఒక పిల్లాడి తల్లి గ్రౌండు దగ్గరికొచ్చి అడిగింది: "అన్నా, మావాడు ఈ మధ్య ఎవరొచ్చినా మంచం మీంచి లేవట్లేదు. మాది మూడిళ్ల పల్లె. రేపు ఎవరన్నా కొడితే నువ్వొస్తావా?" వస్తానన్నాను. ఎంత లోపు వస్తావంది. వాళ్లూరు తెనాలి నుంచి బండి మీద నలభై నిమిషాలు. ఆ మాటే చెప్పాను. ఆమె ఏం మాట్లాడకుండా నా ఫోన్ నెంబరు రాయించుకుని వెళ్లింది. పిల్లాడు మాత్రం వస్తున్నాడు.

ఇప్పుడు ఒక పని. రేపల్లెలో మాకు చోటు లేదు. పొద్దున రెండు గంటలు ఎవరూ పొమ్మనని చోటు కావాలి. రాళ్లు లేని పాతిక సెంట్లయినా చాలు. చర్చి ఆవరణైనా సరే, రైతుబజారు వెనకైనా సరే. ఆడపిల్లలకి చెప్పగలిగిన పీఈటీ చెల్లెళ్లు ఎవరైనా బాపట్లలో ఉంటే ఇక్కడే రాయండి, జీతం ఇవ్వలేం, ఛార్జీలు ఇస్తాం. పాత కర్రలుంటే పంపండి, నాలుగున్నర అడుగులవి.

(వచ్చే భాగం: డప్పు ముట్టుకోని పిల్లలు)